బతికున్నవాళ్ళ పేరు మోయని తుపాకీ

"తుపాకీ మూతికి ఎదురు నిలబడినోడికి మనిషి కనపడడు అమ్మే. ఆ బొక్కే కనపడతది. ఎంతుంటది, చిటికెనవేలు కూడా దూరదు. లోకమంతా అందులోకి పొయ్యినట్టుంటదంట."

లీలా ఆంటీ వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద తుపాకీని పడుకోబెట్టి, సన్నటి కడ్డీకి గుడ్డముక్క చుడుతోంది. ఎదురు కుర్చీలో అమ్రీన్ టీ కప్పు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయింది.

"ఆ తుపాకీ వెనకాల ఎవరుండిరి ఆంటీ?"

"మా ఆయన నడిపే బస్సులో స్కూలుకి పోయిన పిల్లోడే. పెద్దయి సోల్జర్ అయినాడు. ఫిజీలో, ఎయిటీ సెవెన్‌లో, మిలిటరీవాళ్ళు గద్దెనెక్కిన ఆ గలాటా అప్పుడు. రోడ్డుకి అడ్డంగా డ్రమ్ములు పెట్టి బస్సు ఆపినారు. ఆ పిల్లోడు తుపాకీ మూతి ఈయన రొమ్ముకి ఆనించి, పేరు పెట్టి పిలిచినాడు, దిగు అని. పేరు తెలుసు, చూడు. తెలిసే పిలిచినాడు."

"కాల్చినాడా?"

"లేదు. నవ్వి పొమ్మన్నాడు. కాల్చకపోతే మాత్రం ఏం? ఆ బొక్క ఈయన కళ్ళలో ఉండిపొయ్యింది."

లీలా ఆంటీ తాతముత్తాతలు నెల్లూరు వైపు నుంచి ఓడెక్కి ఫిజీ చెరుకుతోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. ఆవిడ తెలుగు వాళ్ళ అవ్వ నోటి నుంచి వచ్చింది. రాయడం రాదు, చదవడం రాదు. మాట మాత్రం పోలేదు. ఆ గలాటా తర్వాత ఆవిడా, భర్త సోహనూ, కొడుకు వికాష్‌తో మెల్బోర్న్ వచ్చి, ఊరి శివారు క్రాన్‌బర్న్‌లో స్థిరపడ్డారు. సోహన్ పోయి మూడేళ్ళు కావస్తోంది. వికాష్ సిడ్నీలో కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నాడు. ఇంటి వెనక ఉన్న చిన్న భాగంలో అమ్రీన్, ఆమె భర్త ఫుర్కాన్ అద్దెకుంటారు. ఆదోని నుంచి వచ్చారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖు తప్పి ఆగిపోకుండా, బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరాలకు రెండంకెల బదులు నాలుగంకెలు పెట్టే పని ఫుర్కాన్‌ది. ఈ డిసెంబరులో అతను ఇంటికి నిద్రపోవడానికే వస్తున్నాడు.

అమ్రీన్ పుస్తకం చూసి, ఖాళీ పార్కింగ్ స్థలాల్లో తిప్పి, తనంతట తానే కారు నేర్చుకుంది. ఆంటీకి గుండె బాగోలేదని, కారు నడపొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి శనివారం శనివారం ఆవిడను ఊరి బయట ఉన్న రైఫిల్ క్లబ్బుకి తీసుకెళ్ళేది ఆమే. వెళ్ళిన ప్రతిసారీ కారులోనే కూర్చుని పుస్తకం చదువుకునేది. ఆ చప్పుళ్ళు ఆమెకు పడవు. ఇవాళ, ఈ దేశపు డిసెంబరు వేసవిలో, ఉత్తరపు గాలి కొలిమిలా కొట్టి, కారులో ఉండలేక, క్లబ్బు రేకుల షెడ్డు నీడకి వెళ్ళింది. అక్కడ రెండు సంగతులు ఆమెకు అంతుబట్టలేదు.

కాల్చే వరసలో ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళే. ఆంటీ ఒక్కతే ఆడమనిషి. వరసను చూసుకునే మెర్వ్ అనే పెద్ద పొట్ట ఉన్నాయన దూరదర్శిని లోంచి గురి బోర్డుల వంక చూసి, "సోహన్ ఇవాళ కిందికి కొడుతున్నాడేం!" అని గట్టిగా అన్నాడు. పక్కాయన, "ఎండ పడదు కదా సోహన్‌కి" అన్నాడు. అందరూ నవ్వారు. తుపాకీ కట్టె మీద నుంచి చెంప తియ్యకుండానే ఆంటీ కూడా నవ్వింది. అమ్రీన్ వెనక్కి తిరిగి చూసింది. ఆమెకు తెలిసిన సోహన్ ముందుగదిలో దండ వేసి ఉన్న ఫోటో ఒక్కటే.

రెండోది అంతకంటే చిత్రం. కాల్పులు ఆపి, తుపాకులన్నీ ఖాళీ చేసి, నోళ్ళు తెరిచి బల్లల మీద పెట్టి, అందరూ కాగితాలు మార్చడానికి బోర్డుల దగ్గరికి నడిచారు. తిరిగి వచ్చారు. అందరూ వచ్చేశారు. మైదానంలో ఎండా, గడ్డీ తప్ప ఏమీ లేదు. అయినా మెర్వ్ విజిల్ వెయ్యలేదు. మూడో బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు, గొంతు సవరించుకోలేదు. ఒక మనిషి అక్కడి నుంచి తీరిగ్గా నడిచి వచ్చి వరస దాటడానికి ఎంత పడుతుందో అంతసేపూ ఆగి, అప్పుడు విజిల్ వేశాడు.

ఇంటికి వచ్చి టీ పెట్టాక, ఉండబట్టలేక అడిగింది. ఆంటీ నేరుగా జవాబు చెప్పకుండా, ఆ ఫిజీ రోడ్డు మీది తుపాకీ మూతి దగ్గర మొదలుపెట్టింది.

"ఈడికొచ్చినాక మా ఆయనకి సెలెరీ అనే ఆకుకూర తోటలో పని దొరికింది" అంది ఆంటీ, కడ్డీని గొట్టంలోకి తోస్తూ. "ఓనరు కీత్ అని పెద్దాయన. ఒకరోజు కుందేళ్ళని కొట్టడానికి ఈ తుపాకీ ఎత్తుకుని తోటలోకి వచ్చినాడు. ఈయన చూసినాడు. చేతిలో పెట్టె యాడ పడిందో, మనిషి ట్రాక్టరు ఎనకాల నక్కినాడు. పిలిస్తే రాడు. ఇంకోడైతే నవ్వేవాడు. కీత్ నవ్వలా. దాన్ని తీసకపోయి లోపల పెట్టొచ్చి, ఈయన పక్కన మట్టిలో కూచున్నాడంట. అంతా ఇన్నాడు. ఇని, నువ్వు ఒకసారి తుపాకీకి ఇటుపక్క నిలబడి చూడు అని క్లబ్బుకి పిలుచుకపోయినాడు."

"పోయినాడా అంకుల్?"

"పోయినాడు. తూటా రెండుసార్లు కింద పడిందంట. కాల్చినాడు. ఆ పొద్దు ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తిన్నాడు. నేను దేవుడికి దండం పెట్టుకున్నా. అప్పటినించి శనివారమొస్తే ఆగడు."

గుడ్డముక్క నల్లగా బయటికొచ్చింది. ఆంటీ దాన్ని పారేసి ఇంకోటి చుట్టింది. చిన్న తుపాకీ. కింద మీట లాగితే పైన నోరు తెరుచుకుంటుంది. ఒక్క తూటా పడుతుంది, ఒక్కటే. బడిపిల్లలకు కవాతు నేర్పడానికని మొదటి పెద్ద యుద్ధానికి ముందు చేసినదట. కీత్ పెదనాన్న బళ్ళో దీనితోనే గురి నేర్చుకుని యుద్ధానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. తర్వాత బడివాళ్ళు అమ్మేస్తుంటే, అన్న చెంప ఆనించిన కట్టె కదా అని కీత్ తండ్రి కొన్నాడు. కీత్‌కి పిల్లలు లేరు. పోతూ పోతూ వీలునామాలో సోహన్‌కి రాశాడు.

"మరి భయం పోయిందా ఆంటీ?"

"యాడ పోతది!" ఆంటీ కడ్డీ పక్కన పెట్టింది. "బోర్డు కాడికి పోయి కాయితం మారస్తాడు. అందరూ ఎనక్కొస్తారు, ఈయన రాడు. బోర్డుకి ఈపు ఆనించి ఇటు తిరిగి నిలబడతాడు. తుపాకులన్నీ ఇటుపక్క ఖాళీగా ఉంటాయి గదా, వాటినే చూస్తా ఉంటాడు. బతికున్నన్నాళ్ళూ, ప్రతిసారీ అంతేనంట. మెర్వ్ ఈయన పేరు పెట్టి అరిచేవాడంట, టీ చల్లారిపోతది రా మగడా అని. అప్పుడు నడిచొచ్చేవాడంట. ఇప్పటికీ ఆయన నడిచొచ్చిందాకా మెర్వ్ ఆగతాడు. నేను ఆగమన్లా. ఎందుకాగతన్నాడో మెర్వ్ నాకు చెప్పలా. ఒకసారి మాత్రం, ఇవాళ మీ ఆయన జాప్యం జేసినాడు గదా అన్నాడు. అవునన్నాను."

అమ్రీన్ చల్లారిన టీ ఒక గుక్క తాగింది. "మరి పేరు? అంకుల్ కొడుతున్నాడు అంటారే?"

"అది ఆ క్లబ్బు పద్ధతి. పాత తుపాకులకి బతికున్నోళ్ళ పేరు పెట్టరు. దాన్ని కాలస్తా, అది తన సొంతంగా ఉండంగానే చచ్చిపోయినోళ్ళలో ఆఖరోడి పేరే దాని పేరు. మా ఆయన కాలస్తన్నన్నాళ్ళూ అది కీత్. కీత్ బాగా కొడతన్నాడే అనేవాళ్ళు, కొట్టేది ఈయన. ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు, ఏందే లీలా, నాకు పేరు రావాలంటే చావాలంట అని."

ఆవిడ లేచి కుళాయి తిప్పి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"నిద్దట్లోనే పొయినాడు. లైసెన్సు లేనోళ్ళ ఇంట్లో ఉండకూడదని మెర్వ్ వచ్చి దీన్ని తీసకపోయినాడు. ఆనక అమ్మడానికి సంతకం పెట్టమంటే నేను క్లబ్బుకి పోయినా. అదే మొదలు పోవడం. బీరువా కాడ ఎవరికో చెప్పినాడు మెర్వ్, సోహ..." ఆవిడ పెదవులు టక్కున మూసుకున్నాయి. "ఆయన్ని బయటికి తీసకరా అని చెప్పినాడు. పేరు పెట్టి. ఆయన పొయినకాడినించి ఆ పేరు ఎవురూ పలకలేదు అమ్మే. వికాష్ డాడ్ అంటాడు, అదీ అనడు. నేను పలకను. మొగుడి పేరు నోట రాకూడదని మా అవ్వ నేర్పింది. బతికున్నప్పుడు అననిదాన్ని, ఇప్పుడంటానా? సంతకం పెట్టనన్నాను. నాకు నేర్పు అన్నాను. మెర్వ్ నవ్వతాడనుకున్నా. నవ్వలా. నీకు సరిపోతది, పిల్లల తుపాకీయే గదా అన్నాడు."

"మీకు భయం వెయ్యలేదా?"

"ఇప్పటికీ భయమే. ఈడ రూలు అట్టుంది మరి. ఉంచుకోవాలంటే క్లబ్బులో ఉండాల, ఏడాదిలో ఇన్నిసార్లని పోయి కాల్చాల. కాల్చకపోతే తీసేసుకుంటారు. కాల్చినంతసేపూ ఆయన్ని పిలస్తా ఉంటారు. ఇదిగో, ఈడ చెయ్యిపెట్టు."

కట్టె మీద చెంప ఆనే చోట వార్నిషు పోయి, లోతుగా, నున్నగా ఉంది. ఎందరివో చెంపలు అరగదీసిన పల్లం.

"నేను చెంప ఆనించకముందే అది వెచ్చగా ఉంటది. ఎండకి లే అంటాడు మెర్వ్. జులై చలిలో యాడిది ఎండ?"

అమ్రీన్ అరచెయ్యి అక్కడే ఉంచింది. వెచ్చదనం కట్టెదో, తన చేతిదో ఆమె తేల్చుకోలేకపోయింది. చెయ్యి మాత్రం వెంటనే తియ్యబుద్ధి కాలేదు.

అప్పుడే ఫోను మోగింది. వికాష్. ఆంటీ స్పీకరు మీట నొక్కింది.

"మమ్, వెల్డింగ్ అతనికి ఫోన్ చేశావా?"

"చెయ్యలా."

"మమ్! ప్లీజ్. గొట్టం వెల్డ్ చేయించేస్తే లైసెన్స్ గొడవ ఉండదు. గోడకి తగిలించుకో, రోజూ చూసుకో. డాక్టర్ ఏమన్నాడు? నో షూటింగ్. యూ హర్డ్ హిమ్."

"నీ కంప్యూటర్లు ఒకటో తారీఖున పడిపోతాయని నువ్వే గదా నా గుండె ఆపరేషను ఫిబ్రవరికి తోసింది? ఈ తుపాకీకి తారీఖులు తెలవవు. నీ కంప్యూటర్ల కంటే నయం."

"ఇట్స్ నాట్ ఫన్నీ, మమ్. అక్కడ పడిపోతే ఎవరున్నారు నీకు?"

ఫోనులో వాడి గొంతు మారింది. కోపం కాదు, భయమని అమ్రీన్‌కి తెలిసింది. ఆంటీకీ తెలిసింది. "ఉన్నార్లే నాయనా, ఉన్నారు. అన్నం తిన్నావా?" అని మెల్లగా అడిగి, వాడి జవాబు విని, ఫోను పెట్టేసింది.

"వెల్డింగ్ చేస్తే ఏమవుతుంది ఆంటీ? ఇంట్లోనే ఉంటుంది కదా?"

"ఇంట్లో ఉంటే పిలిచేదెవరు?" ఆంటీ తుపాకీని తువ్వాల్లో చుట్టసాగింది. "ఇంకోటి ఉంది. ఆపరేషన్లో నేను లేవలేదనుకో. ఎవరి చేతికి పోయినా అప్పుడు దాని పేరు లీలా. ఆయన పేరు ఆ రోజుతో ఆగిపోతది. కీత్ పేరు ఆగిపోలా? ఇప్పుడు కీత్ అని ఎవరంటన్నారు?"

పెరట్లో ఎండిన బట్టలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి.

"నేను బతికుండంగానే ఇంకొకరికి రాసిచ్చేసినాననుకో" అంది ఆంటీ, అమ్రీన్ వంక చూడకుండా, "అప్పుడు నేను పోయినా ఆ పేరు మారదు. నాది కాదు గదా అప్పటికి. అది సొంతంగా ఉండంగా చచ్చినోళ్ళలో ఆఖరోడు ఆయనే అనుకుంటారు. నేను కాల్చినా, అది నాదిగా ఉండంగా చావలేదు గదా. మెర్వ్‌ని అడిగినా. తల గోక్కుని, లీలా, ఇట్టా ఎవరూ చెయ్యలేదు గానీ, రూలు రూలే అన్నాడు."

అమ్రీన్‌కి మాట ఎటు వస్తోందో అర్థమైంది. మంచి కారణాలు చాలానే తోచాయి. తనకు ఆ చప్పుడు పడదు. ఫుర్కాన్ ఏమంటాడో. ఆదోనిలో అమ్మీకి ఫోనులో ఏమని చెప్పాలి, తుపాకీ పట్టుకున్నాననా? అవన్నీ గొంతు దాకా వచ్చాయి. అడిగింది మాత్రం వేరే.

"మరి మీ పేరు ఆంటీ? మిమ్మల్ని ఎవరూ పిలవరు కదా అప్పుడు."

ఇంటికొచ్చాక ఆంటీ మొదటిసారి నవ్వింది. "నన్ను బతికుండంగా శానామంది పిలిచినార్లే. లీలా, అది తే, లీలా, ఇది తే. ఇంకా పిలిపించుకోవాల్నా?"

తువ్వాలు మూటను రెండు చేతులా ఎత్తుకుని బట్టలుతికే గదిలోకి వెళ్ళింది. గోడకి బిగించిన ఇనపబీరువా తలుపు చప్పుడయింది, తాళం తిరిగింది. ఆవిడ తిరిగొచ్చి గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది. ఆయాసం వస్తోంది. అమ్రీన్ లేచి కుర్చీ లాగబోతే వద్దని చెయ్యి ఊపింది.

"నువ్వు ఇప్పుడే అవునని చెప్పబాక. ఇంటికి పో. ఫుర్కాన్ లేచినాక కడుపుకి ఇంత పెట్టి అప్పుడు అడుగు, ఆకలి మీద అడగబాక. ఒప్పుకుంటే సోమారం పొద్దున్నే పోలీసు స్టేషనుకి పోయి లైసెన్సు కాయితం తీసకరా. అది రావడానికి దినాలు పడతది, ఫిబ్రవరి దగ్గరికొస్తన్నది. వచ్చే శనివారం నాతో వరసలోకి రా, కారులో కూచోబాక. ఎవరన్నా కొత్తోళ్ళు ఇది నీదా అని అడిగితే కాదని చెప్పు. మరి ఎవరిది అంటారు గదా, అప్పుడు ఆయన పేరు చెప్పు అమ్మే, గట్టిగా, నాకు ఇనపడేట్టు. నువ్వు చెప్పొచ్చు, నీకు తప్పులేదు. ఇంక పో."