ఫెల్టు గుడ్డ కింది ఇసుక

మూడు ఉత్తరాలు రాశాను. రెండుసార్లు స్వయంగా వెళ్లి ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాను. జమ్మలమడుగులోని ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు గారికి నాతో మాట్లాడే తీరిక ఇంతవరకు దొరకలేదు. అందుకే ఆ స్కూల్లో నేను చేసిన పని సంగతి నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

అది రెండేళ్ల కిందటి ఎండాకాలం. కువైట్‌లో పదకొండేళ్లు స్విమ్మింగ్ పూల్ పనులు చేసి వచ్చి, ప్రొద్దుటూరులో టార్పాలిన్ పట్టల అంగడి పెట్టుకుని ఉన్నాను. ఆ స్కూలువాళ్లు పిల్లల వేసవి శిక్షణకని, నేల తవ్వకుండా పైనే నిలబెట్టే పూల్ తెప్పించారు. చుట్టూ ఇనుప రేకు గోడ, లోపల వినైల్ లైనర్. లైనర్ అంటే పూల్ ఆకారంలో అతికిన మందపాటి ప్లాస్టిక్ సంచి. నీళ్లను ఆపేది అదే.

దాని కింద మెత్తటి ఇసుక పరచాలి. గోడ మొదట్లో ఆ ఇసుకనే ఏటవాలుగా ఒత్తాలి. దాన్ని కోవ్ అంటారు. అది లేకపోతే నీటి బరువుకు లైనర్ గోడ కిందికి జారి చినుగుతుంది. పెన్నా ఇసుకలో గులకలు, గవ్వపెంకులు ఉంటాయి కాబట్టి రెండు రోజులు సన్న జల్లెడ పట్టాను. పక్కనే గేటు కమాను కడుతున్న బేల్దారి ఓబులేసు నన్ను చూసి నవ్వాడు.

"ఏంది మామా, ఇసకను పిండి మాదిరి జల్లిస్తాండావు! అరిసెలు చేస్తావా ఏంది?"

"నీళ్లు శానా బరువు మామా. కింద ఒక్క రాయి ఉన్నా పొడుచుకుంటాది."

జల్లించిన ఇసుకను పూల్ పక్కన కుప్పగా వదిలి, లైనర్ తేవడానికి ప్రొద్దుటూరు పోయి మరుసటి ఉదయం తిరిగొచ్చాను. అడుగంతా చదునుగా ఉంది. దాని మీద ఫెల్టు, అంటే కంబళి లాంటి గుడ్డ, పరిచి టేపు కూడా అంటించేశారు.

"నీకు పని తగ్గిచ్చినాం మామా. చూడు, అద్దం మాదిరి వచ్చింది" అన్నాడు ఓబులేసు.

కాలితో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. ఎండ ఎక్కితే వినైల్ మెత్తబడుతుంది, ముడతలు లేకుండా సాగదీయడానికి అదే సమయం. ఆ తొందరలో గుడ్డ ఎత్తి చూడలేదు. పైగా అతనికి టీ తాగించాను.

నీళ్లు నిండిన నాలుగో రోజుకు మట్టం జానెడు తగ్గింది. పూల్ చుట్టూ బురద. శిక్షణ ఆగిపోయింది. తల్లిదండ్రులు, పంతుళ్లు అందరూ ఉన్నచోట కరస్పాండెంటు గారు నన్ను నిలబెట్టి అడిగారు:

"ఏమప్పా, కువైట్‌లో గూడా ఇట్లనే చేస్తాంటే తరిమేసినారా నిన్ను?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

నీళ్లు తోడించి, లైనర్ తీసి, గుడ్డ ఎత్తాను. కింద ఇసుక లేదు, క్రషర్ డస్టు ఉంది. కంకర మిషన్ దగ్గర మిగిలే పొడి అది, నిండా పదునైన రాతి పెచ్చులు. ఓబులేసును పక్కకు పిలిచి అడిగాను. తల వంచుకున్నాడు.

"అంత నున్నటి ఇసక ప్లాస్టిక్ కింద పూడ్చేదానికి మనసొప్పలేదు మామా. కమానుకు పూత పెట్టినా. కరస్పాండెంటు సార్ గూడా కమాను శానా బాగొచ్చింది అన్యాడు."

"అదే మాట సార్ ముందర చెప్పు."

"నన్ను వదిలెయ్ మామా. ఇంగా పని ఉండాది ఈడ."

ఓబులేసు చెప్పలేదు. లైనర్‌లో చిరిగిన ముక్క కోసి తీసుకెళ్తే, కరస్పాండెంటు గారు దానివైపు చూడకుండానే "చూస్తాంలే, పో" అన్నారు. తర్వాత వేంపల్లెలో తన తోటలో పూల్ పెట్టాలని నా చేత కొలతలు తీయించుకున్న ఆసామి, ఆ స్కూల్లో విచారించి "వద్దులేప్పా" అన్నాడు. మరెవరూ పిలవలేదు.

గుడ్డ ఎత్తి చూడకపోవడం నా తప్పే. ఇంకొకరు పరిచిన అడుగును చేత్తో తడమకుండా దాని మీద లైనర్ దించకూడదని ఆ పనితో నేర్చుకున్నాను. కానీ నా తప్పు అంతవరకే.

కరస్పాండెంటు గారూ, ఆ ముక్క ఇంకా నా అంగట్లోనే ఉంది. నా చేతిపనిలో పైనుంచి చినిగి ఉంటే అంచు కిందికి వంగుతుంది, కింద రాయి పొడిస్తే పైకి లేస్తుంది. నన్ను నిలబెట్టిన చోటే, ఆ మనుషుల ముందే, దాన్ని మీ చేతికిస్తాను. తడిమి చెప్పండి: అంచు ఏ వైపు లేచి ఉంది?