చీటీలో చివరి సరుకు

మా దుకాణం పెద్ద దవాఖాన వెనక గేటుకు ఎదురుగా ఉంది. గేటు లోపల కుడిపక్కన శవాల గది. మా చుట్టాలంతా బట్టలు, కిరాణా, బంగారం అమ్ముకుని బాగుపడుతుంటే మా నాయన మాత్రం చావు సామాను పెట్టాడు. తెల్లబట్ట, పసుపు, గులాలు, సెంటు సీసా, అగర్‌బత్తీలు, మట్టి కుండ. పెళ్లిళ్లలో మమ్మల్ని చూసి ఇప్పటికీ పక్కకు జరిగే మహానుభావులున్నారు. వాళ్లింట్లో ఎవరైనా పోతే మాత్రం మొదటి ఫోను నాకే చేస్తారు.

ఏడుస్తూ వచ్చేవాళ్లకు ఏమేం కొనాలో తోచదు. అందుకని మేమే చీటీ రాసిస్తాం. ఆ చీటీలో చివరి సరుకు మా దగ్గర దొరకదు. అది క్వార్టర్ సీసా, పక్క సందులోని వైన్స్‌లో తెచ్చుకోవాలి. పోయినవాళ్ల కోసం కాదు, పోలీసాయన కోసం. ప్రమాదంలోనో నీళ్లలోనో పోయిన మనిషికి పంచనామా రాయాలంటే కానిస్టేబుల్ శవం పక్కనే నిలబడాలి. గుడ్డలు తీయించి, అటూ ఇటూ తిప్పించి, దెబ్బలు ఎక్కడెక్కడున్నాయో చూసి రాసుకోవాలి. తాగకుండా ఆ పని ఎవరివల్లా కాదని ఇక్కడ అందరి నమ్మకం. దాన్ని లంచమని ఎవరూ అనుకోరు. పెళ్లికి వచ్చిన బ్యాండువాళ్లకు చాయ్ పోసినట్టు ఇస్తారు. మా నాయన రాసేవాడు, ఆయన్ని చూసి నేనూ రాశాను.

మా అక్క మొగుడు కానిస్టేబుల్. ఆయనకు మొదటిసారి శవం డ్యూటీ పడ్డ రోజు నాకు బాగా గుర్తుంది. లోపలికి వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చి, మా దుకాణం పక్క మోరీలో కక్కాడు.

"నాతోని కాదు బామ్మర్దీ."

నేను పరుగున వెళ్లి క్వార్టర్ తెచ్చాను. "జర తాగు బావా. లేకుంటే లోపలికి పోలేవు" అన్నాను. అప్పటిదాకా ఆయన కల్లు కూడా ముట్టని మనిషి. మా అక్క పెళ్లిలో మావాళ్లు ఎంత బతిమాలినా గ్లాసు పట్టుకోలేదని మా ఇంట్లో మురిసిపోయారు కూడా. ఆ రోజు కళ్లు మూసుకుని తాగాడు, లోపలికి వెళ్లాడు, పని పూర్తిచేసుకుని వచ్చాడు. బావకు సాయం చేశానని నేను వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాను. నా తెలివిని చెప్పుతో కొట్టాలి.

ఆ తర్వాత స్టేషన్‌లో శవం డ్యూటీ ఎప్పుడు వచ్చినా ఆయనకే వేశారు. "ఆయనకైతే అలవాటే" అనేవారు తోటివాళ్లు. అలవాటయిందే వేరు. కొన్నేళ్లకు శవాలు లేని రోజున కూడా సీసా కావాల్సి వచ్చింది. చేతులు వణికేవి, అన్నం సయించేది కాదు. చివరికి కళ్లు పచ్చబడితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. కార్జం చెడిందనీ, ఇంకా తాగితే బతకడనీ ఆయన మా అక్క ముందే చెప్పాడు.

బావ మానేశాడు. నిజంగానే మానేశాడు. జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది. డ్యూటీ మార్చమని అడిగితే, మనుషుల్లేరు చూద్దామన్నారట. ఒకరోజు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుని నేను చీటీ రాస్తుంటే చూశాడు.

"బామ్మర్దీ, ఆ చివరిది రాయకు. చేతిలకొస్తే నేను వద్దనలేను" అన్నాడు.

"నీ మీద ఒట్టు బావా" అన్నాను.

నెలల తరబడి రాయలేదు. తెలిసినవాళ్లు కొందరు అడిగినా, ఈయనకు పడదని చెప్పి పంపించాను. అక్క మొహంలో నవ్వు చూసి ఎన్నేళ్లయిందో అని మా ఆవిడ కూడా అంది.

ఆ రోజు పొద్దున్నుంచి దుకాణంలో ఊపిరి తీసుకునే సందు లేదు. రోడ్డు ప్రమాదంలో పోయిన ముగ్గురిని తెచ్చారు, వాళ్ల బంధువులంతా ఒకేసారి మీద పడ్డారు. వాళ్ల మధ్యలో ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. మగ్గం నేసే మనిషి. కొడుకు హసన్‌పర్తి చెరువులో మునిగిపోయి మూడో రోజుకు తేలాడు. పాపం, ఆయనకు ఏ పద్ధతీ తెలియదు. ఏమేం కావాలో రాసివ్వమని దండం పెట్టాడు. నేను అటువైపు బట్ట కొలుస్తూ, ఇటువైపు చీటీ రాసి చేతిలో పెట్టాను. ఏం రాశానో చూసుకోలేదు. ఇన్నేళ్ల అలవాటులో చెయ్యి చివరిదాకా రాసేసింది.

ఆయన చీటీలో ఉన్నవన్నీ ఒక్కటి తప్పకుండా కొన్నాడు. సీసాను తువ్వాలలో చుట్టుకుని వెళ్లి, రెండు చేతులతో బావకు ఇచ్చాడు.

"నేను తాగ పెద్దయ్యా" అన్నాడట బావ.

"సేటు రాసిండు సారూ. మా పోరగాన్ని జర మంచిగ చూడుండ్రి" అని ఆయన చీటీ చూపించాడట.

బావ నా చేతిరాత చూశాడు. తాగాడు.

పంచనామా రాశాడు. పిల్లవాడిని శుభ్రంగా అప్పగించాడు కూడా. ఆ తర్వాత శవాల గది మెట్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. టోపీ దొర్లి మోరీలో పడింది. మిట్టమధ్యాహ్నం కావడంతో చుట్టూ జనం మూగారు. ఒక్కడూ లేపలేదు, పదిమంది ఫోన్లు తీశారు. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా తిరిగింది. మన పైసలతో జీతం తీసుకుని తాగి పొర్లుతున్నాడని ఒకరు, ఇలాంటివాళ్లను బజార్లో కట్టేసి కొట్టాలని ఒకరు రాశారు. రాసినవాళ్లలో ఇద్దరు మా దుకాణంలో సామాను కొన్నవాళ్లే. బావ చేతిలో సీసా పెట్టి వెళ్లినవాళ్లే. మర్నాడు ఒకాయన నా దగ్గరికే వచ్చి ఫోను చూపించాడు.

"చూసినవా సేటూ, పోలీసోళ్లు ఎట్ల తాగుతాండ్రో!"

నేను నవ్వాను. మా బావ అని చెప్పలేక నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

సస్పెండ్ చేశారు. విచారణలో మందు ఎవరిచ్చారని అడిగితే, తానే కొనుక్కున్నానని చెప్పాడట. ఆ పెద్దమనిషి పేరూ చెప్పలేదు, నా పేరూ చెప్పలేదు. నేను వెళ్లి నిజం చెప్పాల్సింది. దుకాణం ఎత్తేయిస్తారని భయపడ్డాను. ఆ చీటీ సంగతి అక్కకు ఇవాళ్టికీ తెలియదు. బావ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇంట్లో కూర్చున్నవాడు ఇక తాగుడు ఆపలేదు. వీధిలోకి వస్తే పిల్లలు కూడా వీడియోలోలాగా ఒరిగి పడిపోయి చూపించేవాళ్లు. ఒకరోజు తెల్లవారుజామున ఖిలా వరంగల్‌లో నడకకు వెళ్లినవాళ్లకు కోట గోడ పక్కన కనిపించాడు. అప్పటికే ప్రాణం లేదు. దాన్ని కూడా ఎవరో వీడియో తీశారు.

ఎట్లా పోయాడో తెలియని చావు కింద లెక్క కాబట్టి బావను మా దుకాణం ఎదురుగానే ఉన్న గదికి తెచ్చారు. అక్క గేటు దగ్గర నేల మీద కూర్చుంది. నేను చీటీ రాయలేదు. నాకు చీటీ ఎందుకు? తెల్లబట్ట కొలిచి పక్కన పెట్టుకున్నాను. మధ్యాహ్నం దాటినా లోపల పని మొదలుకాలేదు. పొద్దు గుంకితే పోస్టుమార్టం చేయరు, రేపటిదాకా ఆయన అక్కడే ఉండాలి.

"ఇంకెంతసేపు తమ్మీ? ఆయన్ని ఇంటికి తీస్కపోదాం" అని అక్క పదోసారి అడిగింది.

అప్పుడు బయటికొచ్చాడు పంచనామా రాయాల్సిన కానిస్టేబుల్. కొత్తగా చేరినవాడు. చేతిలో అట్ట, దాని మీద రాయని కాగితాలు. తిన్నగా మా దుకాణం దగ్గరికి వచ్చి గోడ పట్టుకున్నాడు.

"అన్నా, నాకిదే మొదటిది. రెండుసార్లు లోపలికి పోయిన. నాతోని అయితలేదు."

నేను అక్క వైపు చూశాను. పొద్దు వైపు చూశాను. తర్వాత పక్క సందులోకి వెళ్లి వచ్చాను.

"జర తాగు తమ్మీ. లేకుంటే లోపలికి పోలేవు" అన్నాను.

అతను సీసాను రెండు చేతులతో తీసుకుని, థాంక్స్ అన్నా, అన్నాడు.