పుంజుతో వచ్చిన అల్లుడు

లియావ్ చ్యూమే జిల్లా కేంద్రంలోని కోళ్ల హేచరీలో ముప్పై ఒక్క ఏళ్లు ఒకే పని చేసింది. గుడ్డులోంచి బయటపడి ఒక్క రోజైనా నిండని పిల్లను ఎడమ అరచేతిలోకి తీసుకుని, అది ఆడదో మగదో చెప్పాలి. గంటకు తొమ్మిది వందల పిల్లలు. నూటికి రెండుకు మించి తప్పేవి కావు. గుడ్ల వ్యాపారులకు పెట్టలే కావాలి గనుక అవి అట్టపెట్టెల్లో భద్రంగా వెళ్లేవి. పుంజుపిల్లలను ఎవరూ అడిగేవారు కాదు. సాయంత్రం సైకిలెక్కి ఊరు చేరేసరికి ఆ విలువలు తలకిందులయ్యేవి.

ఊళ్లో బిడ్డ పుట్టగానే అల్లుడు అత్తవారింటికి కోడిని తీసుకెళ్లాలి. మగపిల్లవాడైతే పుంజు, ఆడపిల్లయితే పెట్ట. అత్తవారు దానికి జతకోడిని తిరిగి పంపుతారు. నోరు విప్పనక్కర్లేదు, బుట్టను చూస్తే వీధికంతటికీ తెలిసిపోతుంది. ముప్పై రెండేళ్ల కిందట చ్యూమేకు రువోలాన్ పుట్టినప్పుడు, భర్త పెంగ్ దషౌ పెట్టను గోనెసంచిలో వేసుకుని, పెద్దదారి వదిలి టీతోటల వెనకగా ఆమె పుట్టింటికి వెళ్లాడు. సంచిలో ఏముందని దారిలో ఎవరో అడిగితే, చిలగడదుంపలన్నాడట. చ్యూమే ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. మరిచిపోనూ లేదు.

ఆ రువోలాన్ ఇప్పుడు చాంగ్‌షా నగరంలో వంతెనల ఇంజనీరు. అదే ఆఫీసులో పనిచేసే బల్గేరియా దేశస్థుడు స్తోయన్‌ను పెళ్లాడింది. అతన్ని మొదటిసారి చూసిననాడు చ్యూమే అత్తగారు, "ఆ ముక్కు కింద నిలబడితే వానకి తడవం" అన్నది. అతను ఆమె పొగబెట్టిన పందిమాంసంతో నాలుగు గిన్నెల అన్నం తిన్న తర్వాత మాత్రం ముక్కు ప్రస్తావన మానేసింది.

మంగళవారం ఉదయం ఐదూ ఇరవైకి చ్యూమే ఫోను మోగింది. "అమ్మా, ఆడపిల్ల. మూడు కిలోల నూట అరవై గ్రాములు" అన్నది రువోలాన్.

చ్యూమే ఆ కబురు ఎవరికీ చెప్పలేదు. ఫోనులో వచ్చింది కబురు కాదని, కోడే చెప్పాలని ఎనభై ఆరేళ్ల అత్తగారి పట్టుదల. ఆమె అప్పటికే రెండు వేల టపాకాయల దండను గుమ్మం పక్కన మేకుకు తగిలించి, "పుంజు వస్తేనే ముట్టించరా" అని దషౌతో చెప్పి ఉంచింది. అంతే పొడవు దండను చ్యూమే బియ్యపు డబ్బా అడుగున దాచింది. ఈసారి పెట్ట పెద్దదారిన రావాలి, దానికీ టపాకాయలు పేలాలి. ఆమె కోరుకున్నది అదొక్కటే.

గురువారం పదకొండు గంటలకు వీధి మలుపులో స్తోయన్ కనిపించాడు. ఎర్రకాగితం అంటించిన బుట్టలోంచి కూత వినిపించింది. కొక్కొరొకో!

"పుంజు! పుంజేనర్రా!" ముసలమ్మ కర్ర గాలిలోకి లేచింది. "దషౌ, నిలబడ్డావేం? ముట్టించు!"

చ్యూమే నోరు తెరిచేలోగా దండ అంటుకుంది. నిమిషం పాటు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. పొగ విడిచేసరికి పొరుగువారు ఏడుగురు గుమ్మంలో ఉన్నారు.

"మునిమనవడు! నేను చెప్పలా?" అంటున్నది ముసలమ్మ.

స్తోయన్ చెవులమీంచి చేతులు తీశాడు. "మనవడెవరు నాయనమ్మా? అమ్మాయి కదా!"

"మరి పుంజెందుకు తెచ్చావురా, మొద్దూ?"

"కోడిని పట్టుకెళ్లమని రువోలాన్ చెప్పింది. ఏ కోడో చెప్పలేదు. సంతంతా తిరిగాను, అన్నిట్లోకి అందంగా ఉన్నది ఇదే. నా కూతురి పేరు చెప్పి నాసిరకం తేనా?"

రువోలాన్‌కు అది చెప్పవలసిన సంగతి అని తోచి ఉండదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరికీ తోచదు.

పొరుగువారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "పోనీ, టపాకాయలైతే కాలాయిగా. ఊరుకో వదినా" అన్నదొకామె చ్యూమేకు సర్దిచెబుతూ.

చ్యూమేకు ఊరుకోవడం తేలికే. అయితే ఆ మోత పుట్టని పిల్లవాడికి మోగింది. ఆమె లోపలికి వెళ్లి, బియ్యపు డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దండ తీసుకొచ్చి భర్తకందించింది.

"ఇది నా మనవరాలికి. మీరే ముట్టించండి. చిలగడదుంపలకి కాదులెండి!"

దషౌ చెవులు ఎర్రబడ్డాయి. లైటరు మూడోసారికి వెలిగింది. రెండో మోత మొదటిదానికంటే ఒక్క క్షణమైనా తక్కువ మోగలేదు.

ముసలమ్మ కర్ర మీద ఆనుకుని అంతా విన్నది. "రెండు దండలు! ఇప్పుడు ఊరంతా కవలలంటారు" అని గొణిగింది. "సరే, పుంజు వచ్చింది గనుక పెట్ట వెళ్లాలి. నా నల్లపెట్టను పట్టండి."

ఆ పెట్ట జోలికి ఇంట్లో ఎవరూ పోరు. చ్యూమే ముందు తెల్లబోయింది, తర్వాత నవ్వు దాచుకోలేకపోయింది. "అత్తయ్యా, మీ నల్లపెట్టనా?"

"నీ ముసిముసి నవ్వులు చాలించు. ఒరేయ్ అల్లుడూ, కోసి పులుసు పెట్టావో, ఆ ముక్కు ఊడదీస్తాను. రోజూ గుడ్డు పెడుతుంది. బాలింతకి ఆ గుడ్లు పెట్టు."

పుంజును దించి, నల్లపెట్టను కాళ్లు కట్టి బుట్టలో పెట్టారు. స్తోయన్ బుట్ట ఎత్తుకోబోతే దషౌ అడ్డుపడ్డాడు. "బస్సుదాకా నేను మోస్తాను." మూత తీసి గుమ్మంలోనే వదిలేసి, పెద్దదారి పట్టాడు.

బియ్యం మిల్లు దగ్గర ఎవరో కేకేశారు: "దషౌ మామా, బుట్టలో ఏంటి?"

చ్యూమే గుమ్మంలో నిలబడే ఉంది. నూట ఇరవై అడుగుల దూరం నుంచి కూడా జవాబు స్పష్టంగా వినిపించింది.

"పెట్టరా! మనవరాలు పుట్టింది!"