కొళాయి ఆగని చోట నిండిన డ్రమ్ములు

ఆ రోజు గోడకు ప్లాస్టరింగ్ చేస్తుంటే తాపీ చేతిలో నిలవలేదు. కళ్ళ వెనక పోటు, ఒళ్ళంతా నొప్పులు. మాల్దీవుల్లో ఒక చిన్న దీవికి పనికి వెళ్ళిన కొత్త రోజులవి. ఆదోని నుంచి మమ్మల్ని తీసుకెళ్ళిన మేస్త్రీ నా నుదురు ముట్టుకుని చూసి పెయిన్ కిల్లర్ మాత్రలు చేతిలో పెట్టాడు.

"ఎండకు వచ్చిన జొరం లేప్పా. మింగి పనికి లెయ్" అన్నాడు.

మింగుతూ పనిచేశాను. జ్వరం దిగిన రోజు బాగైపోయాననుకున్నాను. ఆ సాయంత్రమే కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం. నా గదిలోనే ఉండే ఎమ్మిగనూరు వీరేశు పడవ మాట్లాడి హాస్పిటల్‌కు చేర్చాడు.

డెంగీ, ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి అన్నారు డాక్టరమ్మ. నేను మింగిన మాత్రలు చూసి ఆమెకు కోపం వచ్చింది. వాటితో బ్లీడింగ్ పెరుగుతుందట. గదిలో నీళ్ళు నిలవ ఉంచుతారా అని హిందీలో అడిగితే, వరుసగా డ్రమ్ములు నింపుకున్నామని వీరేశు గొప్పగా చెప్పాడు.

"రోజంతా కొళాయి వస్తుంటే డ్రమ్ములెందుకు?" అన్నారామె.

మా పెద్దకడుబూరులో నీళ్ళు వచ్చిన పూట చెంబులు కూడా నింపుకుంటాం. నీళ్ళు కనబడితే మా చేతులు ఊరుకోవు. ఆ డ్రమ్ముల్లోనే దోమలు పెరిగాయి.

ఐసీయూలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. నా భార్యను మళ్ళీ చూడననుకున్నాను. కాస్త తేరుకున్నాక మేస్త్రీ పండ్లతో వచ్చి, పోయినేడు ఈ దీవిలోనే తనకూ ఇదే వచ్చిందని ధైర్యం చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలిసీ ముందే యాల సెప్పలేదన్నా?"

"సెప్తే మీరొస్తారా?" అన్నాడు.

ఆ మాట ఈనాటికీ క్షమించలేదు. ఇంటికొచ్చి నెలలైనా పూర్తి కూలి చేసే సత్తువ రాలేదు.

మొన్న అదే మేస్త్రీ నా బామ్మర్దిని ఆ దీవికే తీసుకుపోవడానికి మా వాకిట్లోకే వచ్చాడు. ఆయన వింటుండగానే బామ్మర్దికి చెప్పాను.

"ఆడ డ్రమ్ము నింపొద్దు. దోమలు కుట్టకుండా పూసుకునే క్రీము పెట్టుకో. జొరమొస్తే పెయిన్ కిల్లర్ ముట్టొద్దు, పారాసిటమాల్ ఒక్కటే. ఆ పొద్దే రక్తం పరీక్ష చేయించుకో."

వాడు, "సరే బావా" అని సంచీలో క్రీము పెట్టుకున్నాడు. మేస్త్రీ వెంటే నడిచి బస్సెక్కాడు. చెబితే రారన్నాడు కదా ఆ మనిషి. చెప్పాను. వాడు వెళ్ళాడు.