మా పెద్దమ్మ పెట్టిన ఆఖరి రౌండు

మా పెద్దమ్మ ఎవరినైనా సరే ఇంటర్వ్యూ చేయకుండా పని ముట్టుకోనివ్వదు. నేను కోతలు కోస్తున్నాననుకుంటే వంటింటి కుళాయి బాగుచేయడానికొచ్చిన ప్లంబర్ని అడగండి. లోపల కుళాయి ధారగా కారిపోతుంటే, ఆ మనిషి చేతిలో పానాతో హాల్లో కుర్చీ అంచున కూర్చుని రెండు రౌండ్లు గట్టెక్కాడు. మూడో రౌండులో పెద్దమ్మ, "మీలో మీకు నచ్చని గుణం ఏమిటి?" అని అడిగింది.

"పిలవగానే రావడమండి" అన్నాడు ప్లంబర్.

వెంటనే కుళాయి చూపించింది. సాయంత్రం అతనికి ఫోన్ చేసి, మీరు ఎంపికయ్యారని చెప్పింది. అప్పటికి కుళాయి బాగైపోయింది, కూలి ముట్టింది, ఆ మనిషి ఇల్లు చేరి స్నానం కూడా చేశాడు. అయినా చెప్పింది. ఎంపికైనా కాకపోయినా పొద్దుగూకేలోగా కబురు చెప్పాల్సిందే, అది ఆవిడ నియమం.

మా పెదనాన్నకి మోకాళ్ళు పట్టేయడంతో జుట్టు కత్తిరించే ఆయన ఇంటికే వస్తాడు. ఏళ్ళ తరబడి వస్తున్నాడు. ఆయన్నీ వదల్లేదు. మెడకి గుడ్డ చుట్టించుకుని పెదనాన్న బిక్కమొహంతో కూర్చుంటే, ఐదేళ్ళ తర్వాత మా ఆయన జుట్టుని మీరు ఏ స్థాయిలో చూడాలనుకుంటున్నారు అని అడిగింది. ఆయన ఆ తలని నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"ఐదేళ్ళదాకా ఎందుకమ్మా, వచ్చే ఏడాదికి దువ్వెన ఎవరికైనా ఇచ్చేయొచ్చు."

నిజాయితీకి మార్కులు వేసింది. పెదనాన్న మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

కూరగాయల బండి అతను రెండో రౌండులో పోయాడు. సాయంత్రం పెద్దమ్మ సందు చివరిదాకా నడిచి వెళ్ళి, నీలో లోపమేమీ లేదు నాయనా, మా ఇంట్లో నిన్నటి వంకాయలు మిగిలున్నాయి, అంతే, అని చెప్పి వచ్చింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో కొనకపోవడానికి కారణం చెప్పిన మనిషి ఈవిడొక్కతేనని అతను వీధంతా చెప్పుకున్నాడు.

ఈ జబ్బు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. కళ్ళజోళ్ళ షాపు అంటించింది.

నేను పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను. చదువవగానే బజార్లో ఒక పెద్ద కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగముందని తెలిసింది. ఉద్యోగమంటే ఏదో అనుకునేరు. కళ్ళజోడు మెత్తటి గుడ్డతో తుడవడం, వచ్చినవాళ్ళ ముందు పెట్టడం, "అద్దంలో చూసుకోండి" అనడం, వాళ్ళు కొనకుండా వెళ్ళిపోతే మళ్ళీ తుడిచి అరలో పెట్టడం. ఇంతే. దీనికి ఆరు రౌండ్లు. ప్రకటనలో కొత్తగా చదువు ముగించినవాళ్ళకి మాత్రమే అని పైన రాశారు, మూడేళ్ళ అనుభవం తప్పనిసరి అని కింద రాశారు. చదువు ముగించకముందే మూడేళ్ళు కళ్ళజోళ్ళు తుడిచిన మనిషి ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, దండం పెట్టుకుంటాను.

మొదటిది రాతపరీక్ష. రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తుంటే ఎక్కడ కలుసుకుంటాయో చెప్పమన్నారు. ఎక్కడ కలుసుకున్నా వాటికి కళ్ళజోడు అవసరం లేదు కదా. రెండోది గుంపు చర్చ. అందరం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరిచాం, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకి నాయకత్వ లక్షణాలున్నాయని రాసుకున్నారు. మూడోది మనస్తత్వ పరీక్ష. మెడలో టై కట్టుకున్న మేనేజరు నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఒక ఫర్నిచర్ అయితే ఏ ఫర్నిచర్ అవుతారు?" అని అడిగాడు. నాకేం తోచక స్టూలన్నాను. ఆయన తలపంకించి రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఆ స్టూలుకే తెలియాలి.

నాలుగో రౌండు పేరు ప్రత్యక్ష పరీక్ష. రోజుకొకరు చొప్పున వచ్చి, పొద్దుటినుంచి సాయంత్రందాకా షాపులో పని చేసి చూపించాలి. జీతం ఉండదు, అనుభవం ఉంటుందట. నా వంతు రోజున అద్దాలు, అరలు, గచ్చు, చివరికి మేనేజరు బల్ల కింద కూడా తుడిచాను. నాకు ముందురోజు ఒకమ్మాయి తుడిచింది, మర్నాడు ఇంకొకతను తుడిచాడు. అన్నాళ్ళూ ఆ షాపు ఊడ్చడానికి వాళ్ళకి పనిమనిషే అక్కర్లేకపోయింది. పైగా, రేపు మానేస్తే రెండేళ్ళదాకా ఇంకే కళ్ళజోళ్ళ షాపులోనూ చేరనని సంతకం పెట్టించుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేరనే లేదు, మానేయడానికి షరతులు.

పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ప్రతి రౌండుకీ నేను పెద్దమ్మని వెంటబెట్టుకెళ్ళాను. అంటే ఆవిడే వచ్చింది. బయట గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరితోనూ చుట్టరికం కలిపేసింది. ఎండైనా వానైనా గొడుగు వదలని ఒక గొడుగమ్మాయి, కూర్చుంటే నలుగుతుందని నిలబడే ఉండే ఇస్త్రీ చొక్కా అబ్బాయి, నిద్రలో కూడా లెక్కలు గొణుక్కునే ఒక పొడుగాయన, ఇలా అందరూ ఆవిడకి రెండో రౌండుకల్లా సొంతవాళ్ళైపోయారు.

పెద్దమ్మకి ఈ వ్యవహారమంతా చూసి తిక్కరేగడానికి కారణముంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు అధికారి కాగితాల్లోంచి తల కూడా ఎత్తలేదట.

"హలో అను" అన్నాడట.

"హలో" అందట పెద్దమ్మ.

"రేపట్నుంచి రా."

అయిపోయింది. జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేసింది. ఆ ఒక్క హలోతో ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు కుదిర్చాను అని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ కొలువులో ఆవిడకి వంటబట్టిన సూత్రాలు రెండు. లైన్లో ఉన్న మనిషిని గాలికొదిలేయకూడదు, అవతలివాళ్ళు దొరికినా దొరకకపోయినా కాసేపటికోసారి లైన్లోకొచ్చి "ప్రయత్నిస్తున్నాం, లైన్లో ఉండండి" అని చెప్పాలి. రెండోది, ఎంగేజ్‌లో ఉన్న లైన్లోకి ఇంకో లైను కలపకూడదు.

అలాంటి మనిషి ముందు ఆ షాపువాళ్ళు చేయకూడని పని చేశారు. నాలుగో రౌండు అయ్యాక తలుపు వెనకనుంచి మేనేజరు గొంతు, "ఇక మీరు వెళ్ళొచ్చు, మేమే ఫోన్ చేస్తాం" అంది. అంతే. వారం గడిచింది, నెల గడిచింది, ఫోన్ లేదు. నేను స్నానానికి వెళ్ళినా ఫోను కిటికీలో పెట్టుకునేదాన్ని. ఇంకెక్కడికైనా ప్రయత్నించవే అని పెదనాన్న అంటే, ఇంకా రెండు రౌండ్లున్నాయి, తప్పకుండా పిలుస్తారు అని కసురుకునేదాన్ని. ఇంట్లో ఎవరు తుమ్మినా ఫోన్ మోగిందనుకుని పరుగెత్తేదాన్ని.

పెద్దమ్మ ఇంటర్వ్యూలు మొదలైంది అప్పుడే. లోకం ఇంత పరీక్ష పెడుతుంటే మనమొక్కళ్ళం ఊరికే మనుషుల్ని పనిలోకి పిలిస్తే అన్యాయం కదా అనేది. అంతటితో ఊరుకోలేదు. రోజూ సాయంత్రం టీ తాగి, బాల్కనీలో కూర్చుని ఫోన్ అందుకునేది. నంబర్లన్నీ నోటికే. గొడుగమ్మాయితో ఒక పూట, పొడుగాయనతో ఒక పూట గంటలకొద్దీ కబుర్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"వాళ్ళంతా నాకు పోటీ పెద్దమ్మా. నా ఎదుటే కూర్చుని నా శత్రువులతో మాట్లాడతావా?"

"శత్రువులేంటే? లైన్లో ఉన్నవాళ్ళు. ఇంకా ఏం తెలియలేదు, లైన్లో ఉండమని చెప్తున్నా" అనేది తాపీగా.

అలా ఉండగా, మేడ మీది గది అద్దెకిస్తామని పెద్దమ్మ గేటుకి బోర్డు కట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎవరో బెల్లు కొట్టారు. గది ఖాళీగా ఉందాండీ అని అడిగిన గొంతు వినగానే పెద్దమ్మ నావైపు చూసింది. జీవితమంతా మొహాలు చూడకుండా మనుషుల్ని గుర్తుపట్టిన చెవి అది. నేను వంటింటి తలుపు సందులోంచి చూశాను. టై లేదు గానీ, ఆయనే. కళ్ళజోళ్ళ షాపు మేనేజరు.

"రండి కూర్చోండి. ఆరు రౌండ్లుంటాయి" అంది పెద్దమ్మ.

పాపం, ఆయన నవ్వాడు, వేళాకోళమనుకుని. రైళ్ళు ఎక్కడ కలుసుకుంటాయని అడిగేసరికి నవ్వు ఆగింది. గుంపు చర్చకి పెదనాన్నని పిలిచింది. పెదనాన్న ఇలాంటివాటికి పనికిరాడు, ఆ మేనేజరు ఏమన్నా మీరన్నదే నిజమండీ అంటూ కూర్చున్నాడు. తర్వాత పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని, మీరు ఫర్నిచరైతే ఏ ఫర్నిచరవుతారని అడిగింది.

తను కూర్చున్న కుర్చీని ఆయన ఒకసారి చూసుకున్నాడు. "కుర్చీనండి" అన్నాడు.

"ఎందుకని?"

"ఎవరు పడితే వాళ్ళు నామీద కూర్చుంటారు కాబట్టి."

ఆ జవాబు విని నాకు కొంచెం జాలేసింది. పెద్దమ్మకి వేయలేదు. నాలుగో రౌండు కింద మేడ మెట్లు కడిగి చూపించమంది. ఊరికే కడగాలా అన్నాడు. అనుభవం వస్తుందిగా అంది పెద్దమ్మ. ఆయన ప్యాంటు పైకి మడిచి, సగం మెట్లు కడిగి, ఇక ఉండబట్టలేక చీపురు కింద పెట్టాడు.

"ఒక్క గదికోసం ఇన్ని పరీక్షలేంటమ్మా? మనుషులంటే మీకు ఇంత లోకువా?"

"ఆ మాట కాస్త గట్టిగా అనండి. లైను సరిగ్గా లేదు."

నేను టీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చాను. ఆయన నన్ను చూసి నుదురు చిట్లించి, "మీరు... స్టూలు కదండీ?" అన్నాడు. అంటే నా పేరు గుర్తులేదు, స్టూలు గుర్తుంది. ఆ టీ ఆయన నెత్తిన పోయకపోవడం నా మంచితనం.

తర్వాత మెట్ల మీదే కూలబడి అసలు సంగతి చెప్పాడు. ఉద్యోగం లేదు. రెండో రౌండు అయినప్పుడే హెడ్డాఫీసు ఆ ఉద్యోగాన్ని తీసేసిందట. మరి మిగతా రౌండ్లు ఎందుకు పెట్టారయ్యా అంటే, ఆపమని ఎవరూ చెప్పలేదండీ అన్నాడు. ఆపేస్తే చురుకుదనం లేదంటారని భయమట. ఆయన కొలువు కూడా ఇంకా పర్మనెంటు కాలేదు. మూడు రౌండ్లు అయ్యాక, మేమే ఫోన్ చేస్తామని హెడ్డాఫీసువాళ్ళు ఆయనకీ చెప్పారు. ఏడాదైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. లేని ఉద్యోగం కోసం నేను ఆయన బల్ల కింద తుడిచాను. లేని ఉద్యోగం కోసం ఒక పిల్ల గొడుగు పట్టుకుని ఊరు ఆ చివరినుంచి నాలుగుసార్లు వచ్చింది. గుళ్ళో పీఠం మీద దేవుడే లేడని తెలిసి కూడా మమ్మల్ని ప్రదక్షిణలు చేయించారు. ఇంకా చాలా అనబోయాను గానీ పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

"గది మీదే. ఆఖరి రౌండొకటి మిగిలింది" అంది ఆయనతో. "లైన్లో ఉన్నవాళ్ళందరికీ ఇప్పుడు మీరే ఫోన్ చేసి చెప్పాలి."

"తెలిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా."

"ఏ ఉద్యోగం? ఇంకా రాలేదన్నారుగా."

ఆయన హాల్లో కూర్చున్నాడు. పెద్దమ్మ నంబర్లు చెప్తుంటే నొక్కాడు. ఉద్యోగం లేదండీ, మీ తప్పేం లేదు, ఇన్నాళ్ళూ చెప్పనందుకు క్షమించండి. ఈ మూడు ముక్కలు చెప్పడానికి మొదటిసారి చెమటలు పట్టాయి. కానీ చిత్రం, అవతల ఎవరూ తిట్టలేదు. పొడుగాయన బియ్యం మిల్లులో లెక్కలు రాస్తున్నాడట, ఆ పని ఇస్త్రీ చొక్కా అబ్బాయి చూపించాడట. ఇస్త్రీ చొక్కా అబ్బాయి బట్టల కొట్లో ఉన్నాడట, గొడుగమ్మాయి చెప్పిందట. గొడుగమ్మాయి ఒక పళ్ళ డాక్టరు దగ్గర కుదిరిందట. ప్రతివాళ్ళూ చివర్లో, అక్కడ పెద్దమ్మగారున్నారా, ఒకసారి ఇవ్వరూ అన్నారు. సాయంత్రం కబుర్లలో మా పెద్దమ్మ చేసిన పని అది. ఒకళ్ళకి తెలిసిన ఖాళీని ఇంకొకళ్ళకి కలుపుతూ బాల్కనీలో ఎక్స్చేంజి నడిపింది.

చివరి నంబరు చెప్పింది. వంటింట్లో నా ఫోను మోగింది.

నెలల తరబడి నేను ఎదురుచూసిన ఫోన్ అది. వెళ్ళి ఎత్తాను. ఒక చెవిలోకి ఫోనులోంచి, ఇంకో చెవిలోకి హాల్లోంచి ఒకే గొంతు వచ్చింది. "ఉద్యోగం లేదండీ. మీ తప్పేం లేదు." ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. నెత్తిమీది మూట ఎవరో దింపినట్టైంది. ఫోన్ పక్కన పెట్టేసి హాల్లోకి వచ్చాను. ఆ వెంటనే కోపమొచ్చింది, ఈసారి పెద్దమ్మ మీద.

"ఊళ్ళోవాళ్ళందరికీ కలిపావు. ఇంట్లో ఉన్న నేను కనపడలేదా నీకు?"

"నువ్వు ఆ షాపుతో ఎంగేజ్‌లో ఉన్నావు కదే. నీతో ఎవరేం చెప్పినా, వాళ్ళు పిలుస్తారు, వాళ్ళు పిలుస్తారు అనేదానివి. ఎంగేజ్ లైన్లోకి ఎలా కలపను?" అంది. "ఇప్పుడు లైను ఖాళీ అయింది. పట్టు."

అప్పటికే నంబరు నొక్కేసింది. గొడుగమ్మాయి పని చేస్తున్నచోట వచ్చినవాళ్ళకి వరస చెప్పి కూర్చోబెట్టడానికి ఇంకో మనిషి కావాలట, వారంగా ఆ ఖాళీ అలాగే ఉంచమని పెద్దమ్మ బతిమాలుకుంటోందట. గొడుగమ్మాయి "ఒక్క నిమిషం" అని ఫోన్ చేతులు మార్చింది. డాక్టరమ్మ గొంతు వినపడింది, వెనక పళ్ళు రాకే మిషను రొదతో సహా.

"ఏదమ్మా, హలో అను."

"హలో" అన్నాను.

"రేపట్నుంచి రా."

మిగతా రౌండ్లెప్పుడండీ అని అడిగాను, అలవాటు చొప్పున. ఏం రౌండ్లు అందావిడ.

మేనేజరు ఆ వారమే పెట్టెతో సహా మేడ మీదికొచ్చాడు. మిగతా సగం మెట్లు తనే కడుక్కున్నాడు. ఆయనకి హెడ్డాఫీసునుంచి ఫోన్ ఇంకా రాలేదు. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి రోజూ పెద్దమ్మ మెట్ల దగ్గర నిలబడి, పైకి కేకేస్తూ ఉంటుంది.

"ఇంకా ఏం తెలియలేదు నాయనా, లైన్లో ఉండు. ఈలోగా కిందికొచ్చి టీ తాగు."