చివరి వరుస

సింగపూర్ షిప్‌యార్డులో పొద్దున్నే అందరూ వరుసకట్టి వ్యాయామం చేస్తారు. మోకాలు చెడిందని తెలిస్తే ఇంటికి పంపేస్తారని, అప్పలసూరి చివరి వరుసలో నిలబడి ఎడమకాలు సగమే వంచుతాడు. తర్వాత హాజరు సంతకానికి వెళ్లి సూపర్‌వైజరు గదిలో గోడమీది ఫొటో చూస్తాడు. అది సూపర్‌వైజరు తాతది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య స్కాట్లండులో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు, మోకాలు విరిగాక మళ్లీ ఓడల పనికే వెళ్లాడట.

“విరిగిన కాలికి పనెవడిచ్చాడ్రా?” అన్నాడు అప్పలసూరి, తనతో పనిచేసే భద్రయ్యతో.

“నీకెందుకు బావా, నువ్వేమైనా ఆడతావేటి?”

రోజూ ఫొటో ముందు నిలబడే మనిషిని చూసి ముచ్చటపడి సూపర్‌వైజరు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. అర్థం కాకపోయినా ముందు “ఎస్ సార్” అనడం అప్పలసూరికి అలవాటు. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వేసుకోమని జెర్సీ చేతిలో పడింది. సంతోషించాలో భయపడాలో తెలియక, సాయంత్రం దాన్ని మోకాలికి చుట్టుకుని కూర్చున్నాడు.