బాగానే ఉన్నానన్న మనిషి

ఓరిన్ లిండ్‌క్విస్ట్‌కు డెబ్బై తొమ్మిదేళ్లు. అమెరికాలో మా మిన్నెసోటా రాష్ట్రంలో నలభై ఏళ్లు పాడితోనే బతికాడు. ఒకసారి ఆవు గోడకేసి నొక్కితే రెండు పక్కటెముకలు విరిగాయి. మిగతా ఆవులన్నిటి పాలూ పిండాకే ఆస్పత్రికి వెళ్లాడు. ఎలా ఉందని డాక్టరు అడిగితే "బాగానే ఉంది" అన్నాడట. మా వైపు మనుషులింతే, ప్రాణం మీదికొచ్చినా నోరు విప్పరు.

ఈ చలికాలం పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. మా పునరావాస కేంద్రంలో ఆయనకు మళ్లీ నడక నేర్పుతున్నది నేనే. నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, వెనక నుంచి పట్టుకుని నడిపిస్తాను. మూడో వారానికి యాభై అడుగులు వేశాడు. పట్టుకుంటేనే వేశాడని కూడా రిపోర్టులో రాశాను. ఖర్చు భరించే బీమా కంపెనీకి ఆ యాభై ఒక్కటే కనిపించింది. ఇక వైద్యం అక్కర్లేదు, శుక్రవారం ఇంటికి పంపెయ్యమని ఉత్తరం రాసింది. భార్య పోయి ఆరేళ్లు, ఇంట్లో ఒంటరివాడు. పడితే లేపే దిక్కు లేదు.

మా డాక్టరమ్మ పోట్లాడితే, గురువారం కంపెనీ డాక్టరు ఫోన్లో మాట్లాడతానన్నాడు. ఈయన కాలు ఒక్కసారైనా ముట్టుకోని మనిషి! తేల్చేది ఆయనట.

"ఓరిన్‌గారూ, మీకు దణ్ణం పెడతా, ఉన్నదున్నట్టు చెప్పండి."

"నాకు అబద్ధాలు రావులే అమ్మాయ్."

"మీ మర్యాదే మన కొంప ముంచేది!"

ఫోన్ మోగింది. స్పీకరు పెట్టాను.

"ఎలా ఉన్నారండీ?" అన్నాడు కంపెనీ డాక్టరు.

ఓరిన్ చేత్తో జుట్టు సర్దుకున్నాడు. "బాగానే ఉన్నానండీ. తమరెలా ఉన్నారు?"

"డాక్టరుగారూ, ఆయన ఎవరికైనా అలాగే చెబుతారు..." అంటూ అడ్డం పడ్డాను.

"పేషెంటును చెప్పనివ్వండమ్మా."

"ఈ పిల్లకి కంగారెక్కువ లెండి," అన్నాడు ఓరిన్. నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది.

శుక్రవారం నేనే ఇంట్లో దిగబెట్టాను. వాకిట్లో మూడు మెట్లు, వాటి మీద మంచు. ఎలాగో ఎక్కించి, కుర్చీ పక్కన నిలబెట్టి పట్టీ విప్పాను. నడుము మీంచి చెయ్యి తీయగానే ఆయన నా మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు.

"మార్లిస్, భయంగా ఉందమ్మాయ్."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఈ మాట నిన్న అనాల్సింది కదండీ!"

"ఆయనెవరో నాకు తెలీదు కదే," అన్నాడు. "ముక్కూ మొహం తెలీనివాడికి ఇలాంటివి ఎలా చెబుతాం?"

మణికట్టు మాత్రం వదల్లేదు.